పీకేసే పన్నుకు మరో చోటు

పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి వచ్చిన పిల్లల్ని మీరు చూసే ఉంటారు. దవడ చిన్నది, పళ్ళు పెద్దవి. చోటు చాలక ఒకటి లోపలికి, ఒకటి బయటికి, ఇంకొకటి పక్కకు తిరిగి మొలుస్తాయి. అలాంటి పిల్లలకు క్లిప్పులు వేయించాలని తల్లిదండ్రులు మా దగ్గరికి తీసుకొస్తారు. మాది పళ్ళను వరసలోకి తెచ్చే వైద్యం. ఎక్స్‌రేలు తీసి, పళ్ళ అచ్చులు తీసి, కొలతలు వేసుకున్నాక చాలామందికి మేం చెప్పే మాట ఒకటుంది. వరస కుదరాలంటే చోటు కావాలి, పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు పళ్ళు తీయాలి అని. ఆ మాట వినగానే తల్లి ముఖం చిన్నబోతుంది. అది పుచ్చిన పన్ను కాదు, నొప్పి పెట్టే పన్ను కాదు. నిన్నగాక మొన్న చిగురు చీల్చుకుని వచ్చిన నిగనిగలాడే పన్ను. తీసిన పన్నును ఏం చేస్తారండీ అని అడిగే తల్లులున్నారు. పారేస్తామమ్మా అని చెబుతాం.

చాలామంది పిల్లల విషయంలో ఆ జవాబు సరైనదే. కొందరి విషయంలో మాత్రం కాదు. ఆ కొందరి గురించే ఈ ప్రసంగం.

ఒకే నోట్లో ఒకచోట పళ్ళు కిక్కిరిసి ఉండి, ఇంకోచోట పన్నే లేకపోవడం మీరనుకున్నంత అరుదేమీ కాదు. సైకిల్ మీంచి పడి పైన ముందరి పన్ను పోగొట్టుకున్న పిల్లవాడు ఉంటాడు. కింది దవడలో ఒక పన్ను పుట్టుకతోనే లేని పిల్ల ఉంటుంది. పెద్ద దవడ పన్ను చిన్నతనంలోనే పుచ్చిపోయి పీకించుకున్న అబ్బాయి ఉంటాడు. వీళ్ళలో ఎవరికైనా వరస కోసం ఒకచోట పన్ను తీయక తప్పదని తేలితే, తీసిన ఆ పన్నునే ప్రాణంతో ఉండగా ఖాళీ చోట నాటవచ్చు. సరైన సమయంలో, సరైన చేతులతో చేస్తే అది అక్కడ బతుకుతుంది. దాని వేరు పెరుగుతుంది, చుట్టూ ఎముక కడుతుంది, కొన్ని నెలలు పోయాక క్లిప్పులతో దాన్ని మిగతా పళ్ళలాగే జరిపి వరసలో నిలబెట్టవచ్చు. దీన్ని ఆటోట్రాన్స్‌ప్లాంటేషన్ అంటారు. ఎవరి పన్ను వాళ్ళకే, చోటు మార్చి నాటడం.

ఎవరి పన్ను వాళ్ళకే అని నొక్కి చెబుతున్నానంటే దాని వెనక ఒక చేదు చరిత్ర ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో జాన్ హంటర్ అనే గొప్ప శస్త్రవైద్యుడు ఉండేవాడు. మనిషి పళ్ళ మీద ఆయన రాసిన పుస్తకం 1771లో వచ్చింది. ఆయన ఒక ప్రయోగం చేశాడు. మనిషి నోట్లోంచి తీసిన పన్నును ఒక కోడిపుంజు నెత్తి మీది ఎర్రటి తురాయిలో నాటాడు. తర్వాత కోసి చూస్తే కోడి రక్తనాళాలు పంటిలోకి పాకినట్టు ఆయనకు కనిపించింది. ఆ కోడి తల సగానికి కోసిన నమూనా లండన్‌లోని హంటేరియన్ మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా ఉంది. కోడి తలలో పన్ను బతికితే మనిషి నోట్లో ఎందుకు బతకదు అన్నది ఆయన ఆలోచన.

ఆ ఆలోచన చివరికి డబ్బున్నవాళ్ళకు ఉపయోగపడింది. పన్ను పోయిన ధనవంతులు పేదపిల్లలకు డబ్బిచ్చి, వాళ్ళ నోట్లోంచి మంచి పన్ను పీకించి, అక్కడికక్కడే తమ నోట్లో పెట్టించుకునేవారు. థామస్ రోలండ్‌సన్ అనే చిత్రకారుడు 1787లో ఈ దృశ్యాన్ని బొమ్మగా గీశాడు. పొగగొట్టాలు తుడిచే మసి బట్టల పిల్లవాడి నోట్లోంచి పన్ను పీకుతుంటే, పక్కనే ఒక దొరసాని దాని కోసం కాచుకుని కూర్చుని ఉంటుంది. ఆ బొమ్మ చూస్తే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఎందుకంటే ఆ పళ్ళు నిలవలేదు. కొన్ని నెలలో, మహా అయితే కొన్నేళ్ళో ఉండి కదిలి ఊడిపోయేవి. పరాయి పన్ను వెంట సిఫిలిస్ లాంటి జబ్బులు అంటుకున్నాయన్న ఆరోపణలు కూడా వచ్చాయి. పేదవాడి పన్ను పోయింది, కొనుక్కున్నవాళ్ళకూ అది దక్కలేదు.

పరాయి మనిషి కణాల్ని మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువులుగా గుర్తుపట్టి తరిమేస్తుందని ఇవాళ మనకు తెలుసు. మన పన్నే మనకు నాటుకుంటే ఆ గొడవ లేదు. కానీ సొంత పన్ను నాటినా చాలా కాలం సరిగ్గా నిలవలేదు. అమెరికాలో 1950ల మొదట్లో జ్ఞానదంతాన్ని తీసి, పుచ్చి పోయిన దవడ పన్ను చోట నాటే ప్రయత్నాలు గట్టిగా మొదలయ్యాయి. హేల్ అనే ఆయన 1954లో రాసిన పద్ధతిలోని మెలకువలు చాలావరకు ఇప్పటికీ పనికొస్తున్నాయి. అయినా కొన్ని పళ్ళు హాయిగా నిలిచేవి, కొన్ని ఏడాది తిరిగేసరికి వేరు అరిగిపోయి రాలిపోయేవి. ఒకే వైద్యుడు, ఒకే పద్ధతి, ఫలితం మాత్రం రెండు రకాలు. ఈ తేడా ఎందుకు వస్తోందో తెలుసుకోవడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. ఆ కారణం తెలిస్తే ఈ వైద్యం మొత్తం అర్థమైనట్టే. అందుకని అక్కడ కాస్త నిలబడదాం.

అన్నం తింటున్నప్పుడు ఇసుక రవ్వంత రాయి పంటి కిందికి వస్తే మనకు టక్కున తెలిసిపోతుంది. పన్ను పైన ఉండే ఎనామెల్‌కు స్పర్శ లేదు. మరి ఎలా తెలిసింది? పంటి వేరు ఎముకలో నేరుగా పాతుకుని ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య ఒక పలుచని పొర ఉంది. దాని మందం మిల్లీమీటరులో ఐదో వంతు. అందులో సన్నటి నారపోగులు వేలకు వేలు ఉంటాయి. వాటి ఒక కొస వేరు మీది పెచ్చులో, ఇంకో కొస ఎముకలో పాతుకుని, పన్నును ఉయ్యాల్లో వేలాడదీసినట్టు పట్టుకుంటాయి. నరాల కొసలూ, రక్తనాళాలూ, ఎముకను కట్టే కణాలూ, ఎముకను కరిగించే కణాలూ అన్నీ ఆ పొరలోనే ఉన్నాయి. మేం క్లిప్పులు వేసి తీగతో పన్నును నెట్టినప్పుడు నిజానికి నెట్టేది ఈ పొరనే. ఒకవైపు అది నొక్కుకుని అక్కడి ఎముక కరుగుతుంది, రెండోవైపు సాగి అక్కడ ఎముక కడుతుంది, అలా పన్ను జరుగుతుంది. ఈ పొర లేని పన్నును ఎంత బలంగా నెట్టినా కదలదు.

ఇప్పుడు పన్నును పీకామనుకోండి. ఆ పొర మధ్యకు చీలి, సగం వేరుకు అంటుకుని బయటికి వస్తుంది, సగం గుంటలో మిగులుతుంది. వేరుకు అంటుకున్న ఆ తడి పొరలోని కణాలు బతికి ఉంటే, పన్నును కొత్త గుంటలో పెట్టిన కొద్ది రోజుల్లోనే పోగులు మళ్ళీ అల్లుకోవడం మొదలవుతుంది. ఆ కణాలు ఎండిపోయినా, పట్టకారు ఒత్తిడికి నలిగిపోయినా పోగులు అల్లే దిక్కు ఉండదు. అప్పుడు ఎముక వచ్చి వేరుకు నేరుగా అతుక్కుంటుంది. వినడానికి ఇది మంచిదే అనిపిస్తుంది, పన్ను కూడా బయటికి రాయిలా గట్టిగా ఉంటుంది, తట్టి చూస్తే లోహం మీద కొట్టినట్టు ఖంగుమంటుంది. లోపల జరిగేది వేరు. మన ఎముక నిత్యం కొంచెం కొంచెం కరుగుతూ, మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది. పొర అడ్డం లేకపోతే శరీరం పంటి వేరును కూడా ఎముకగానే లెక్కవేసి, కరిగించి, దాని చోట ఎముక నింపుతుంది. కొన్నేళ్ళకు వేరంటూ మిగలదు.

ఈ సంగతిని రోగుల మీద లెక్కలతో నిరూపించినవాడు డెన్మార్క్ వైద్యుడు యెన్స్ ఓవె ఆండ్రియాసన్. కోపెన్‌హాగన్‌లో ఆయన జీవితమంతా దెబ్బ తగిలిన పళ్ళ మీదే పనిచేశారు. ప్రమాదాల్లో ఊడిపోయి మళ్ళీ పెట్టిన 110 పళ్ళను పరిశీలించి ఒక సహచరుడితో కలిసి ఆయన 1966లో ఫలితాలు ప్రకటించారు. అరగంటలోపు తిరిగి గుంటలో పెట్టిన పళ్ళలో నూటికి తొంభై వేరు అరగకుండా నిలిచాయి. రెండు గంటలు దాటినవి దాదాపు అన్నీ అరిగిపోయాయి. పన్ను నోటి బయట ఎంతసేపు ఎండిందన్నదే దాని ఆయుష్షును తేల్చిందన్నమాట.

ఈ ఒక్క ముక్క మీ ఇంట్లో అందరికీ తెలియాలి కాబట్టి ప్రసంగం మధ్యలో కాస్త పక్కకు వెళుతున్నాను. ఆటల్లో పిల్లల ముందరి పన్ను వేరుతో సహా ఊడి కింద పడితే, అది పాలపన్ను కాకపోతే, దాన్ని తెల్లగా కనిపించే పైభాగం పట్టుకుని తీయండి. వేరును ముట్టుకోవద్దు, రుద్దవద్దు. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో ఒకసారి తొలిపి, వీలైతే అక్కడే గుంటలో పెట్టి, పిల్లవాణ్ణి శుభ్రమైన గుడ్డను మెల్లగా కొరికి పట్టుకోమనండి. పెట్టలేకపోతే గ్లాసుడు పాలలో వేసి వెంటనే డెంటల్ డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. కాగితంలోనో జేబురుమాలులోనో చుట్టి తెస్తే పొర ఎండిపోతుంది. మామూలు నీళ్ళలో వేసినా కణాలు ఉబ్బి చస్తాయి. పాలపన్ను అయితే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద ఉన్న అసలు పన్నుకు దెబ్బ.

ఇక నాటే పన్ను దగ్గరికి వద్దాం. పొర బతకడం మొదటి షరతు. రెండోది పంటి వయసు. వరి నాటే రైతుకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. లేత నారు మూన తిరిగినంత తేలిగ్గా ముదురు నారు తిరగదు. పంటికీ అంతే. పన్ను పైకి కనిపించేటప్పటికి దాని వేరు పూర్తి కాదు. తర్వాత మూడేళ్ళ దాకా లోపల పెరుగుతూనే ఉంటుంది. వేరు సగానికి పైబడి, నాలుగింట మూడొంతుల దాకా పెరిగి, కొన ఇంకా వెడల్పుగా తెరుచుకుని ఉన్న దశ నాటడానికి బంగారం లాంటి సమయం. పీకినప్పుడు పంటి లోపలి నరమూ రక్తనాళమూ తెగిపోతాయి. కొన తెరిచి ఉంటే కొత్త చోటి రక్తనాళాలు ఆ దారిలోంచి లోపలికి పాకి పంటిని మళ్ళీ బతికిస్తాయి. మిగిలిన వేరు కొత్త చోట పెరిగి పూర్తవుతుంది. కొన మూసుకుపోయాక నాటితే ఆ దారి ఉండదు, లోపలి భాగం చచ్చి చీము పట్టకుండా రెండు వారాలు తిరిగేలోపు రూట్ కెనాల్ చేయాలి. చేస్తే అదీ బతుకుతుంది, పెద్దవాళ్ళలో అలాగే చేస్తాం. కానీ తనంతట తాను ప్రాణం పోసుకున్న పంటి సౌష్ఠవం వేరు.

నార్వేలో ఓస్లో విశ్వవిద్యాలయంలో స్లాగ్స్‌వోల్డ్, బ్యెర్కే అనే ఇద్దరు ఈ రెండు షరతుల్నీ కలిపి ఒక పద్ధతి ఏర్పరచారు. వేరు పూర్తికాని ప్రీమోలార్ పళ్ళను నాటి, ఆ వేర్లు కొత్త చోట ఎలా పెరిగాయో ఎక్స్‌రేలతో చూపిస్తూ 1974లో రాశారు. ప్రీమోలార్ అంటే కోరపన్నుకూ పెద్ద దవడ పళ్ళకూ మధ్య ఉండే రెండు చిన్న దవడ పళ్ళు. క్లిప్పుల కోసం మేం తీయించేవి చాలావరకు ఇవే. ఓస్లోలో పళ్ళు నాటించుకున్నవాళ్ళలో కొందరిని ఏళ్ళు గడిచాక మళ్ళీ పిలిపించి పరీక్షించారు. 17 నుంచి 41 ఏళ్ళ కిందట నాటిన 33 పళ్ళ లెక్క 2002లో వచ్చింది. నూటికి తొంభై ఇంకా నోట్లోనే ఉన్నాయి. చిన్నప్పుడు నాటించుకున్న పన్నుతో మనవల్ని ఎత్తుకునే వయసుకు చేరినవాళ్ళు అందులో ఉన్నారన్నమాట. అంతకు ముందే కోపెన్‌హాగన్‌లో ఆండ్రియాసన్ బృందం నాటిన 370 ప్రీమోలార్ల ఫలితాలు 1990లో ప్రకటించింది. కొన తెరిచి ఉండగా నాటినవాటిలో లోపలి భాగం తిరిగి బతికినవి నూటికి తొంభైకి పైగా. కొన మూసుకున్నాక నాటినవాటిలో అలా బతికినవి బహు కొద్ది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఇవి ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళ ఫలితాలు.

ఇప్పుడు ఒక పిల్లను ఊహించుకుందాం. పదకొండేళ్ళది. కింది దవడలో ఎడమవైపు రెండో ప్రీమోలార్ పుట్టుకతోనే లేదు. జ్ఞానదంతాల్ని పక్కన పెడితే నూటికి ఐదారుగురికి ఏదో ఒక పన్ను ఇలా పుట్టదు. ఆ చోట పాలపన్ను ఇంకా ఉంది, దాని కింద రావాల్సింది లేదు. పై దవడలో మాత్రం పళ్ళు కిక్కిరిసి ముందుకు పొడుచుకొచ్చాయి, అక్కడ రెండు ప్రీమోలార్లు తీయక తప్పదు. పైన తీసే పన్నును కిందికి దించితే రెండు సమస్యలూ ఒక్క రోజులో తీరే దారి దొరుకుతుంది.

ముందుగా సీబీసీటీ స్కాన్ తీస్తారు. పంటి వెడల్పు ఎంత, వేరు ఎంతవరకు పెరిగింది, కింద ఎముక ఎంత ఉందో మిల్లీమీటర్లలో తెలుస్తుంది. ఒకప్పుడు అసలు పన్నునే గుంటలో పెట్టి చూసి, చాలకపోతే తీసి, గుంటను ఇంకాస్త తొలిచి, మళ్ళీ పెట్టి చూసేవారు. అలా చూసినప్పుడల్లా పొర నలిగేది. దక్షిణ కొరియా వైద్యులు 2001లో దీనికి ఒక ఉపాయం ప్రకటించారు. స్కాన్‌లోని కొలతల ప్రకారం ఆ పంటికి అచ్చమైన నకలు ముందే తయారుచేసుకోవడం. ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు అందుబాటులోకి వచ్చాక ఆ పని సులువైంది. నకలు పన్నుతో సరిచూసుకుంటూ గుంట సిద్ధం చేస్తారు, అసలు పన్ను అప్పటిదాకా తన చోటే తాను ఉంటుంది. గుంట కుదిరాకే దాన్ని తీస్తారు, నిమిషాల్లో కొత్త చోట పెట్టేస్తారు. నాకు ఈ వైద్యంలో అన్నిటికన్నా సంతోషం కలిగించిన మార్పు ఇదే.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేసే పని ఇది. గుంట తొలిచేటప్పుడు ఎముక వేడెక్కకుండా నెమ్మదిగా తిరిగే డ్రిల్లు వాడి, సెలైన్ ధారగా పోస్తూ ఉంటారు. గుంట పంటి వేరు కన్నా కాస్త పెద్దదిగా ఉండాలి, బిగుతుగా దూర్చితే పొర చచ్చిపోతుంది. పన్ను తీసేటప్పుడు మామూలుగా పీకినట్టు బలం పెట్టరు. పంటి చుట్టూ చిగురును సన్నటి కత్తితో వదులు చేసి, పట్టకారు కొనలు తెల్లటి పైభాగం మీదే ఉండేలా పట్టి, మెల్లగా తిప్పుతూ పైకి తీస్తారు. కొత్త గుంటలో పెట్టాక ఎదుటి పళ్ళు దానికి తగలకుండా కొంచెం లోతుగా ఉంచి, పంటి మీదుగా అడ్డంగా రెండు కుట్లు వేసి ఆపుతారు. వారం పది రోజులకు కుట్లు తీసేస్తారు. సన్నటి తీగతో పక్క పళ్ళకు కట్టినా కొద్ది వారాలే. కదలకుండా గట్టిగా, ఎక్కువ కాలం కట్టేస్తే మంచిదని మనకు అనిపిస్తుంది. అది పొరపాటు. నమిలేటప్పుడు కలిగే చిన్న కదలికే పోగుల్ని సరైన దిశలో అల్లిస్తుంది. బిగించిన పన్ను ఎముకకు అతుక్కుపోతుంది.

ఆ వారం పది రోజులు పెరుగన్నం, జావ, మెత్తగా ఉడికించిన పప్పన్నం లాంటివి పెడితే చాలు. జంతికలు, చెరకు ముక్కలు, పల్లీ ఉండలు తర్వాత ఎప్పుడైనా తినవచ్చు. నోరు పుక్కిలించే మందు ఇస్తారు, మెత్తటి బ్రష్‌తో ఆ పన్నునూ తోమాలి. చిగురుకు చీము పడితే ఎంత బాగా నాటినా వృథా. ఆ తర్వాత నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు ఎక్స్‌రేలు తీసి చూస్తూ ఉంటారు. వేరు చుట్టూ సన్నటి నల్లగీత కనిపిస్తే పొర బతికిందని మాకు ప్రాణం లేచొస్తుంది. పంటి లోపలి దారి మెల్లగా పూడుకుపోతున్నట్టు ఎక్స్‌రేలో కనిపించవచ్చు. అది రోగం కాదు, పన్ను బతికిందన్న గుర్తే. మూడు నుంచి ఆరు నెలలు గడిచాక క్లిప్పుల తీగ ఆ పన్నుకు కూడా తగిలించి వరసలోకి తెస్తాం.

ముందరి పన్ను పోయిన పిల్లల్లో అయితే ప్రీమోలార్‌ను తెచ్చి ముందు నాటుతారు. దవడ పన్ను ముందు పెడితే అందంగా ఉంటుందా అని సందేహం రావడం సహజం. కింది ప్రీమోలార్లకు చాలావరకు వేరు ఒకటే, అందుకని అవి ముందరి గుంటకు బాగా కుదురుతాయి. వెడల్పు కొంచెం తక్కువ. అవసరమైతే పన్నును పక్కకు తిప్పి నాటి, లోపలి మొనను అరగదీసి, పైన పంటి రంగు సిమెంటుతో ముందరి పన్ను ఆకారం తెస్తారు. పెద్దయ్యాక పింగాణీ రేకు అతికించుకోవచ్చు. పక్క పన్నుతో పోల్చి చూసినా తేడా పోల్చుకోవడం మామూలు మనిషికి కష్టం.

అంత శ్రమ ఎందుకు, ఇంప్లాంట్ పెట్టించేస్తే పోదా అని అడుగుతారు. పెద్దవాళ్ళకు ఇంప్లాంట్ చక్కటి వైద్యం. స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1965లో మొదటి రోగికి టైటానియం మరలు బిగించిన నాటి నుంచి కోట్లాదిమంది దాని వల్ల నమలగలుగుతున్నారు. టైటానియం ఎముకతో నేరుగా అతుక్కుంటుంది, మధ్యలో పొర ఉండదు. పెద్దల్లో అదే దాని బలం. పిల్లల్లో అదే చిక్కు. పిల్లల దవడ ఎదుగుతూ ఉంటుంది, పక్క పళ్ళు ఎముకతో పాటు కిందికి దిగుతూ ఉంటాయి, ఇంప్లాంట్ మాత్రం బిగించినచోటే నిలిచిపోతుంది. కొన్నేళ్ళకు అది పొట్టిగా, చిగురు పైకి పోయి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. అందుకే ఎదుగుదల ఆగేదాకా పెట్టరు. పదేళ్ళకు పన్ను పోయిన పిల్లకు పద్దెనిమిది ఇరవై దాకా ఖాళీ చోటును ఎలా కాపాడాలి? పన్ను లేనిచోట ఎముక కుంచించుకుపోతుంది. నాటిన పన్ను పిల్లతో పాటే ఎదుగుతుంది, తన ఎముకను తనే కట్టుకుంటుంది, అన్నంలో రాయిని కూడా పట్టిస్తుంది.

మన ఇళ్ళల్లో ఈ వైద్యానికి అడ్డం వచ్చేది ఎక్కువగా ఆలస్యం. పదో తరగతి పరీక్షలయ్యాక చూద్దాం అంటారు. ఆడపిల్లల్నయితే ఇంకా ఆలస్యంగా, పెళ్ళి సంబంధాలు చూడబోయే ముందు తీసుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. క్లిప్పులు ఏ వయసులోనైనా వేయవచ్చు, అది నిజం. కానీ ప్రీమోలార్ల వేళ్ళు పది నుంచి పదమూడేళ్ళ మధ్యే నాటడానికి అనువుగా ఉంటాయి. పదో తరగతి అయ్యేసరికి కొనలు మూసుకుపోయి ఉంటాయి. తొమ్మిది పదేళ్ళప్పుడు నోరంతా ఒకే ఫిల్ములో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే ఒకటి తీయిస్తే ఏ పన్ను ఉంది, ఏది పుట్టలేదు, ఏది అడ్డం తిరిగి ఉందో ముందే తెలిసిపోతుంది. వరస బాగాలేదనో, ఒక పన్ను రావడం లేదనో అనుమానం ఉన్న పిల్లలకైనా ఇది తీయించండి.

ఇంకో నష్టం గురించి కూడా చెప్పి తీరాలి. ఆరేళ్ళకు పాలపళ్ళ వెనక కొత్తగా ఒక దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కనుక చాలా ఇళ్ళల్లో అది కూడా పాలపన్నే అనుకుంటారు. పుచ్చితే ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాన్ని పన్నెండు పదమూడేళ్ళకే పీకించుకున్నవాళ్ళు మన ఊళ్ళల్లో ఎందరో. వాళ్ళకు పదిహేడు నుంచి ఇరవై ఏళ్ళ మధ్య ఒక అవకాశం వస్తుంది. అప్పటికి జ్ఞానదంతం వేరు సగానికి పైగా పెరిగి ఉంటుంది, అది అడ్డంగా వస్తోందని తీయించుకోమని డాక్టరు చెప్పి కూడా ఉంటాడు. ఆ పన్నే ముందుకొచ్చి పోయిన పన్ను చోట నిలబడగలదేమో తీయించుకునే ముందే అడగండి. జపాన్‌లో అయితే కొన్ని షరతులకు లోబడి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఈ వైద్యం ఖర్చు భరిస్తుంది. మన దగ్గర కూడా ప్రభుత్వ దంత వైద్యశాలల్లో ఇది మామూలు వైద్యంగా అందాలని నా గట్టి కోరిక. ఇందులో ఖరీదైన సామాను ఏమీ లేదు, పన్ను రోగిదే. కావలసింది నేర్పరి చెయ్యి, ముందుచూపు.

అందరికీ కుదురుతుందని మాత్రం అనుకోవద్దు. క్లిప్పులు వేసే డాక్టరూ, శస్త్రచికిత్స చేసే డాక్టరూ, రూట్ కెనాల్ చేసే డాక్టరూ ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. తీసే పన్ను వేరు తిన్నగా ఉండాలి, వంకరగానో రెండు మూడు వేళ్ళు విడిపోయో ఉంటే పొర చిరగకుండా బయటికి రాదు. కొత్త చోట ఎముక తగినంత వెడల్పు ఉండాలి. నోటి శుభ్రత లేనివాళ్ళకూ, పొగతాగే పెద్దవాళ్ళకూ చేయమని చెప్పలేం. అంగిట్లో అడ్డంగా ఇరుక్కుపోయిన కోరపన్ను విషయంలో కూడా మొదట దాన్ని గొలుసుతో మెల్లగా కిందికి లాగడానికే చూస్తాం. అది సాధ్యం కాని కోణంలో ఉన్నప్పుడే తీసి నాటడం. ఒక్క పన్నే లేక, మిగతా వరస అంతా బాగున్న పిల్లకు మంచి పన్ను ఒకటి తీసి నాటడం ఒక ఖాళీని పూడ్చి ఇంకో ఖాళీని తవ్వడమే అవుతుంది. అలాంటి పిల్లకు నేను ఇది వద్దనే చెబుతాను.

నాటిన పన్ను పట్టుకోకపోతే ఏమిటి గతి అని తల్లిదండ్రులు తప్పక అడుగుతారు, అడగాలి కూడా. కొన్ని పట్టుకోవు. కొన్ని ఎముకకు అతుక్కుని మెల్లగా అరిగిపోతాయి. వరస కోసం ఎలాగూ తీయాల్సిన పన్నే గనక అది పోయినా పిల్ల అదనంగా పోగొట్టుకున్నది లేదు. పన్ను పట్టుకుని కొన్నేళ్ళు పనిచేసి తర్వాత పోయిందే అనుకున్నా, అన్నాళ్ళూ అక్కడ ఎముక కుంచించుకుపోకుండా అది నిలబెట్టి ఉంటుంది. అప్పటికి ఆ పిల్ల ఎదుగుదల పూర్తయి ఉంటుంది. ఇంప్లాంట్ పెట్టించుకోవడానికి వయసూ సరిపోతుంది, ఎముకా సరిపోతుంది.